ఆఖరి ఫిల్ముకు ఎంతసేపు ఆగాలి

బళ్ళారిలో ఒక పెద్ద ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. రిటైరయ్యేనాటికి ఫిల్ములు కడిగే డెవలపర్ మందు తగిలి తగిలి నా వేళ్ళ చివర్లు గోధుమరంగు తిరిగి అట్లాగే నిలిచిపోయాయి. మధ్యలో వచ్చిన ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. చేతులున్న కుర్చీ ఇస్తే మధ్యాహ్నం నిద్ర ఎక్కువ వస్తుందని తప్ప వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు గాంధీనగర్‌లోని మా ఇంటికి అప్పుడప్పుడు వస్తుంటారు. టీ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు, రక్తనాళాల బొమ్మలు కంప్యూటరు లేకుండా ఎట్లా తీశారు సార్ అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు సరదా. దాని వెనకాలే ఇంకో ప్రశ్న ఉంది. ఎన్నిసార్లు తప్పు తీశారు అని. మర్యాద కోసం దాన్ని ఎవరూ అడగరు. అడగకపోయినా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

చెక్క పెట్టె

మామూలు ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, రక్తనాళం కనబడదు. అది కనబడాలంటే గజ్జ దగ్గర పెద్ద నాళంలోకి సూది గుచ్చి, ఎక్స్‌రేకు అడ్డుపడే మందు ఒకటి ఎక్కించాలి. మేము దాన్ని రంగు మందు అనేవాళ్ళం. నిజానికి దానికి రంగే లేదు, నీళ్ళలాగే ఉంటుంది. రక్తం ఆ మందును మోసుకుంటూ తొడ నుంచి మోకాలికి, అక్కడి నుంచి పిక్కకు, పాదానికి పోతుంది. అది ఎక్కడికి చేరితే అక్కడ, చేరిన క్షణంలోనే ఫిల్ము తీయాలి. ముందే తీస్తే మందు ఇంకా రాలేదు, ఆలస్యంగా తీస్తే వెళ్ళిపోయింది. కాలువ తూము ఎత్తి, ఏ మడికి నీళ్ళు ఎప్పుడు చేరాయో గట్టు మీద నడుస్తూ చూసుకునే రైతు పనిలాంటిదే ఇది.

ఇప్పుడు మిషనే మందు వెంట పోతుంది. డెబ్బైలలో మాకు ఒక్క ఎక్స్‌రే ట్యూబు, మూడు పొడుగాటి ఫిల్ము క్యాసెట్లు, కౌల్ బజారులో ఒక వడ్రంగి చేసిచ్చిన చెక్క పెట్టె ఉండేవి. పేషెంటును ఆ పెట్టె మీద పడుకోబెట్టేవాళ్ళం. పెట్టెలో సొరుగుల్లాగా క్యాసెట్లు తోయడానికి సందులుండేవి. సర్జన్ చేత్తోనే సిరంజి నొక్కి మందు ఎక్కించేవాడు. ఆయన నొక్కడం మొదలుపెట్టగానే నేను గట్టిగా లెక్కపెట్టేవాణ్ణి. లెక్కను బట్టి ట్యూబు జరపడం, ఫిల్ము తీయడం, క్యాసెట్ లాగడం, ఇంకోటి తోయడం. మెడ నుంచి మోకాళ్ళ దాకా సీసపు ఏప్రాన్ వేసుకుని ఇదంతా చేయాలి. బళ్ళారి ఎండాకాలంలో ఆ ఏప్రాన్ కింద మనిషి ఉడికిపోతాడు.

లెక్క నాకు నేర్పింది మా సీనియర్ టెక్నీషియన్ ఖాదర్ సార్. చాలా మంచి మనిషి. తన టిఫిన్ డబ్బాలో సగం నాకు పెట్టకుండా ఒక్క రోజూ తినలేదు. "మూడుకు తొడ, ఆరుకు మోకాలు, పన్నెండుకు పిక్క, బస్. చెయ్యి మాత్రం తేజ్‌గా ఉండాల దేవదానం," అని చెప్పాడు. దేవదానం నా పేరు. మా నాన్న మిషన్ చర్చిలో పాటలు నడిపించేవాడు కాబట్టి నాకు తాళం తప్పదు, ఆ లెక్క నోటికి ఇట్టే వచ్చేసింది. మూడు, ఆరు, పన్నెండు. ఏడాది తిరిగేసరికి ఖాదర్ సార్ కంటే నా చెయ్యే వేగంగా ఆడేది. ఆ సంగతి నలుగురూ అంటుంటే నాకు గర్వంగా ఉండేది.

ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఖాదర్ సార్ తప్పకుండా చెప్పేవాడు. గని లారీల కింద పడి కాళ్ళు నలిగినవాళ్ళకు, కత్తిపోట్లు తగిలినవాళ్ళకు బొమ్మలు తీసి తీసి ఆయన తయారు చేసుకున్న లెక్క అది. వాళ్ళంతా నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు. వాళ్ళ నాళాల్లో రక్తం జోరుగా పారుతుంది.

తిమ్మప్ప ఎడమ కాలు

డెబ్బైల చివర్లో ఎమ్మిగనూరు నుంచి తిమ్మప్ప అనే వరి రైతు వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. ఎడమ కాలి బొటనవేలు నల్లబడింది. నొప్పికి పడుకోలేక మంచం మీద నుంచి కాలు కిందికి వేలాడేసుకుని కూర్చునేవాడు. పాదం పట్టుకుంటే మట్టికుండ పట్టుకున్నంత చల్లగా ఉండేది. ఆయన వెంట భార్య హంపమ్మ వచ్చింది. ఆమె వార్డులోకి అడుగుపెట్టింది మొదలు ఆయన్ను తిడుతూనే ఉంది.

"కట్ట కట్టలు తాగతాండె అప్పా బీడీలు," అని నాకు చెప్పింది. "నాట్లేసేటప్పుడు గూడ నోట్లో బీడీ ఉండాల్సిందే. నీళ్ళలో నిలబడుకొని పొగ ఇడ్సేది ఈయప్ప ఒక్కడే మా ఊర్లో."

తిమ్మప్ప తల వంచుకున్నాడు. "నిజమేలే," అన్నాడు.

మా పెద్ద సర్జన్ పాటీల్ సార్ అప్పటికే బైపాస్ ఆపరేషన్ నేర్చుకుని వచ్చారు. తొడలో నాళం మూసుకుపోతే, పేషెంటు కాలి సిరనే ఒకటి తీసి, మూసుకున్న చోటుకు పైన ఒక కొస, కింద ఒక కొస కుట్టి, రక్తానికి పక్కదారి వేసేవారు. అయితే కింది కొస కుట్టడానికి మోకాలి కింద ఎక్కడో ఒకచోట తెరిచి ఉన్న నాళం కావాలి. అది ఉందా లేదా చెప్పాల్సింది నా ఫిల్ము.

అప్పటి రంగు మందు ఎక్కితే కాలంతా నిప్పు పోసినట్టు మండేది. పాటీల్ సార్ సిరంజి నొక్కగానే తిమ్మప్ప కేక పెట్టాడు. కాలు ఎగరేయబోతే ఇద్దరు నర్సులు పట్టుకున్నారు. ఆ కేక వింటూ నేను లెక్కపెట్టాను. మూడు, తొడ. ఆరు, మోకాలు. పన్నెండు, పిక్క. అయిపోయింది. మంట తొందరగా తగ్గాలని నేను కూడా తొందరపడ్డానేమో తెలియదు. నా పన్నెండు ఆ రోజు పదే అయి ఉండొచ్చు.

ఫిల్ములు కడిగి ఆరకముందే లైటు పెట్టె మీద పెట్టాం. తొడ మధ్యలో నాళం తెగినట్టు ఆగిపోయింది. మోకాలి దగ్గర వేరు పోగుల్లాంటి సన్న కొమ్మలు నాలుగు. పిక్క ఫిల్ములో రెండు ఎముకలు తప్ప ఏమీ లేదు. తుడిచినట్టుంది.

పాటీల్ సార్ ఆ ఫిల్మును చాలాసేపు చూశారు. ఆయన కన్నడం మనిషి, మాతో తెలుగు కలిపి మాట్లాడేవారు. "కింద ఏనూ ఇల్ల, ఏమీ లేదు. దేనికి కుట్టాల నేను?" అన్నారు.

మర్నాడు తిమ్మప్ప కాలును మోకాలి పైదాకా తీసేశారు. నెల తర్వాత చంకకర్రలతో ఇంటికి పోతూ ఎక్స్‌రే గది ముందు ఆగి, "బాగ చూసుకున్యావు అప్పా," అని నాకు దండం పెట్టాడు. నేను కూడా దండం పెట్టాను.

ఎండకు వంగిన చెక్క

మూడేళ్ళు గడిచాయి. అది ఏప్రిల్ నెల. డార్క్ రూములో డెవలపర్ వేడెక్కి ఫిల్ములు పాడవుతుంటే, సోడా షాపు నుంచి ఐసు గడ్డలు తెప్పించి తొట్టి చుట్టూ పేర్చుకునేవాళ్ళం. ఆ ఎండకు మా చెక్క పెట్టె కూడా కాస్త వంకర తిరిగింది.

ఆ రోజు పేషెంటుది తిమ్మప్ప జబ్బే, మనిషి వేరు. మందు ఎక్కింది. మూడుకు తొడ తీశాను, ఆరుకు మోకాలు తీశాను. పన్నెండుకు పిక్క తీయబోతే క్యాసెట్ సందులో ఇరుక్కుపోయింది. లాగాను, రాలేదు. కాలితో తన్నాను. నోరు మాత్రం దాని పాటికది లెక్కపెడుతూనే ఉంది. అది ఊడి సరిగ్గా కూర్చునేసరికి ఇరవై రెండు. ఇంకేం దొరుకుతుందిలే, మందు ఎప్పుడో పోయి ఉంటుంది అనుకుంటూనే ఫిల్ము తీశాను. పాటీల్ సార్ చేత తిట్లు తినడానికి సిద్ధపడి డార్క్ రూముకు పోయాను.

ఎర్ర దీపం కింద ఫిల్మును డెవలపర్‌లో ఆడిస్తుంటే ముందు ఎముకలు తేలాయి. వాటి పక్కన ఒక గీత తేలింది. పిక్క పొడుగునా, సన్నంగా, ఎక్కడా తెగకుండా మడమ దాకా పోయింది. నేను దాన్ని గీత పడిన ఫిల్మనుకున్నాను. గోరుతో తడిమాను. గీత కాదు, నాళం.

ఆ నిమిషంలో నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే విపరీతమైన కుతూహలం కలిగింది. పైన దారి మూసుకుపోయి ఉంది కదా, ఇది ఎట్లా నిండింది? తొడ ఫిల్ము, మోకాలి ఫిల్ము, ఇది, మూడూ వరసగా తీగకు తగిలించి చూశాను. అప్పుడు అర్థమైంది. పెద్దదారి మూసుకుపోయాక రక్తం ఊరికే కూర్చోలేదు. మోకాలి దగ్గరి సన్న కొమ్మల్లో దూరి, చుట్టూ తిరిగి, కిందికి వచ్చి అసలు నాళాన్ని మళ్ళీ కలుసుకుంది. చుట్టుదారి కాబట్టి ఆలస్యమైంది. జబ్బు కాలికి పన్నెండు చాలదు. ఇరవై కావాలి, ఒక్కోసారి ముప్పై కావాలి.

భయం ఆ తర్వాత వచ్చింది. చేతులు కడుక్కోకుండానే పాత ఫిల్ముల గదికి పోయి తిమ్మప్ప కవరు వెతికాను. మోకాలి ఫిల్ములో అవే సన్న కొమ్మలు. అవి కిందికే తిరిగి ఉన్నాయి. వాటి కొసల్లో మందు ఇంకా ప్రయాణంలోనే ఉంది. పిక్క ఫిల్ము ఖాళీగా ఉండడానికి కారణం ఆ కాలు కాకపోవచ్చు. నేను కావచ్చు.

రెండు కవర్లూ పట్టుకుని పాటీల్ సార్ గదికి పోయాను. ఆయన ఫిల్ములు చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ఫిల్ములు చూశారు. తిట్టలేదు. "లెక్క నీది," అన్నారు చివరికి. "కత్తి నాది. ఇన్ని దినాల్లో నేను గూడ అడగలేదు గదా, ఇంకో ఫిల్ము తీయి అని."

"తిమ్మప్పకు చెప్పాల కద సార్."

"చెప్తే కాలు వస్తుందా?" అన్నారాయన. "బేడ, వద్దు. ఉన్న కాలి మీద మనసు పెట్టుకొని బతకనీ."

నేను బయటికొచ్చాను. ఆయన మాట ప్రకారమే నడుచుకున్నాను. పెద్దాయన చెప్పాడు కాబట్టి ఊరుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన వద్దన్నప్పుడు నా గుండె తేలికపడింది. ఇప్పటి పిల్లలు తెలుసుకోవాల్సింది ఇదే. తప్పును దాచమని పై అధికారి చెప్పినప్పుడు మనకు కోపం రాదు, హాయిగా ఉంటుంది. ఆ హాయిని నమ్మకండి.

ఖాదర్ సార్ అప్పటికి రిటైరయ్యాడు. ఆయన ఇంటికి పోయి ఫిల్ము సంగతి చెప్పాను. విని చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "నేను లెక్క నేర్పినా. ఎవరి లెక్కో చెప్పలేదు," అని, ఆ రోజు నాకు టీ కూడా ఇవ్వడం మరిచిపోయాడు.

బెలూను తగవు

ఎనభైల చివర్లో మా విభాగానికి సుధామణి మేడం వచ్చారు. అనంతపురం మనిషి, రేడియాలజిస్టు. పెద్ద ఊళ్ళలో పని నేర్చుకుని వచ్చారు. అప్పటికి మందు పారేది చిన్న టీవీలో చూసే మిషన్ కూడా వచ్చింది. అయితే దాంట్లో అరచేతంత మేర కనబడేది, అంతే. కాలు మొత్తం చూడాలంటే క్యాసెట్లూ నా నోటి లెక్కా ఉండాల్సిందే.

మేడం చేసే పనిని నేను కళ్ళప్పగించి చూసేవాణ్ణి. గజ్జలో సూది గుచ్చి, సూదిలోంచి సన్న తీగ పోనిచ్చి, తీగ మీదుగా ఒక గొట్టం తోసేవారు. గొట్టం కొసన మడిచిన బెలూను ఉంటుంది. అది ఇరుకు దగ్గరికి చేరాక బయటి నుంచి ఊదాలి. టీవీలో చూస్తే ముందు బెలూను మధ్యలో నొక్కుకుపోయి కనబడేది. ఒత్తిడి పెంచేకొద్దీ ఆ నొక్కు కాస్తా విప్పుకునేది. అంతే, నాళం తెరుచుకుంది. కోత లేదు, కుట్టు లేదు, పూర్తి మత్తు లేదు.

పాటీల్ సార్‌కు ఇది గిట్టలేదు. ఇద్దరికీ నా లైటు పెట్టె ముందే తగవు.

"ఆగల్ల మేడం, ఇది అయ్యే పని కాదు," అనేవారాయన. "నాలుగు నాళ్ళకు మళ్ళీ మూసుకుంటాది. నేను కుట్టిన దారి ఏండ్ల తరబడి నిలస్తాది."

"మూసుకుంటే మళ్ళీ ఊదతాను సార్. మీ దారి వేసేకి మనిషిని మత్తులో పెట్టి తొడ పొడుగునా కొయ్యాల. గుండె బాగలేనోడు మత్తులోనుంచి లేయకపోతే, ఆ దారిలో ఎవరు నడస్తారు?"

ఈ తగవు మధ్యలోకి వచ్చినవాడు బెంగళూరు రోడ్డు బట్టల వ్యాపారి రామయ్య శెట్టి. ఆయన ఇంటి నుంచి దుకాణానికి నడిచిపోయేటప్పుడు అటూ ఇటూ చూడకుండా, ఎవరికీ దండం పెట్టకుండా పోతాడని బజారంతా పేరు. అట్లాంటివాడు ఒక ఏడాది నుంచి పది అంగళ్ళకోసారి ఆగి, వ్యాపారం ఎట్లుంది, పిల్లలు ఎట్లుండారు అని అడగడం మొదలుపెట్టాడు. వయసు పైబడి మంచితనం వచ్చిందని బజారు మురిసిపోయింది. చీర కొనడానికి పోయిన మేడం ఒక్కరే గమనించారు, ఆయన ఆగిన చోటల్లా కుడి పిక్కను ఎడమ కాలితో రాసుకుంటున్నాడని. నాలుగు అడుగులు వేస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే వదులుతుంది. కాలిలో రక్తం చాలకపోతే జరిగేది అదే. ఊరికే ఆగితే జబ్బని తెలిసిపోతుందని ఆయన పలకరింపులు పెట్టుకున్నాడు.

ఫిల్ము తీస్తే శెట్టికి పొత్తికడుపు కింది నాళంలో ఒక పొట్టి ఇరుకు కనబడింది. మేడం బెలూను ఊదారు. వారం తిరగకుండానే శెట్టి ఇంటి నుంచి దుకాణం దాకా ఎక్కడా ఆగకుండా, ఎవరినీ పలకరించకుండా నడిచిపోయాడు. "శెట్టికి మళ్ళీ పొగరొచ్చె," అన్నారు బజారువాళ్ళు. అది విని పాటీల్ సార్ కడుపుబ్బ నవ్వారు. ఆ తర్వాత నుంచి ఇట్లాంటి పొట్టి ఇరుకులను ఆయనే మేడం దగ్గరికి పంపేవారు.

అట్లని బెలూను గెలిచిందని అనను. బీడీలు మానని ముప్పై ఏళ్ళ చేనేత మనిషి ఒకాయనకు ఊదితే మూడో రోజుకే మూసుకుపోయింది. మేడం ఆ రోజు అన్నం తినలేదు. ఇరుకు పొట్టిగా ఉండి, కింద నాళం పారుతుంటే బెలూను మేలు. మూర పొడుగు మూసుకుపోయి, మనిషి గట్టిగా ఉంటే పాటీల్ సార్ కుట్టే మేలు. కొందరికి ఏదీ వద్దు, బీడీ మాని రోజూ నడిస్తే చాలు. ఇది నా అభిప్రాయం. నేను డాక్టరును కాదు, కానీ ఆ ఇద్దరి పేషెంట్ల కాళ్ళూ నా పెట్టె మీదే పడుకున్నాయి. ఎవరి పద్ధతి మంచిదో వాళ్ళు వాదించుకునేటప్పుడు ఇద్దరూ వేలు పెట్టి చూపించేది నా ఆఖరి ఫిల్మునే. అది తప్పయితే ఇద్దరూ తప్పే.

కుడి కాలు

తొంభైలు మొదలైన కొన్నాళ్ళకు ఒక ఉదయం ఎక్స్‌రే గది బయట బెంచీ మీద తిమ్మప్ప కనబడ్డాడు. జుట్టు తెల్లబడింది. చంకకర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. పక్కన హంపమ్మ.

"గుర్తుపట్టినావా అప్పా?" అన్నాడు. "ఇంగ ఉండేది ఇదొక్కటే. దీనికి గూడ ఆ చలువ వస్తాండాది."

నేను వంగి పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. రెండు వేళ్ళ మధ్య చిన్న పుండు. ఆ కాలు కూడా పోతే ఆయన పొలం గట్టు మీదికి కూడా పోలేడు. కొడుకులు చేస్తున్న సేద్యాన్ని చంకకర్రల మీద నిలబడి చూసుకుంటున్నాడు, ఆయనకు మిగిలింది అదే.

"బీడీలు?" అని అడిగాను.

"కాలు తీసిన దినమే ఇడ్సినా."

"నేను తిట్టి ఇడ్పిచ్చినా," అంది హంపమ్మ.

ఆ రోజు మందు ఎక్కించింది మేడం. మూడుకు తొడ తీశాను. మోకాలికి ఆరు కాదు, పది దాకా ఆగాను. పిక్క దగ్గర చెయ్యి బటను మీద పెట్టి నిలబడ్డాను. పన్నెండు వచ్చింది. తిమ్మప్ప పళ్ళు కరుచుకుని మూలుగుతున్నాడు. ఆ మూలుగు వింటూ ఆగడం ఎంత కష్టమో చెప్పలేను. పదిహేను, పద్ధెనిమిది, ఇరవై, ఇరవై రెండు. తీశాను.

డార్క్ రూములో ఎముకల పక్కన గీత తేలింది. మడమ దాకా ఉంది. పైన తొడలో పొట్టి ఇరుకు. పాటీల్ సార్ వచ్చి చూసి, "మేడం, ఇది మీదే," అన్నారు. ఆ పూటే మేడం బెలూను ఊదారు. సాయంత్రానికి పాదం వెచ్చబడింది. ఆ పాదాన్ని పట్టుకున్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఇంక దాచడం నావల్ల కాలేదు.

బెలూను తర్వాత కొన్ని గంటలు గజ్జ మీద ఇసుక సంచి పెట్టుకుని కదలకుండా పడుకోవాలి. హంపమ్మ ఇడ్లీలు తేవడానికి పోయింది. నేను మంచం పక్కన కూర్చున్నాను.

"తిమ్మప్పా, నీకు ఒక మాట చెప్పాల."

"చెప్పు. లేసి యాడికీ పోలేను గదా."

చెప్పాను. ఖాదర్ సార్ లెక్క, నా చేతి వేగం, వంగిన చెక్క, పాత కవరు, మేము నోరు మూసుకోవడం. ఆయన పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"అప్పుడు ఎంత దాకా ఎంచినావు?"

"పన్నెండు."

"ఈ పొద్దు?"

"ఇరవై రెండు."

కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి మీద వేళ్ళు ఒకటొకటిగా మడిచాడు. పెదవులు కదిలాయి. పది వేళ్ళూ అయ్యాక కళ్ళు తెరిచాడు.

"ఇంతసేపేనా అప్పా?"

"ఇంతసేపే." ఉండబట్టలేక, "ఆగినా ఆ కాలు నిలిచేదని ఖాయంగా చెప్పలేను," అన్నాను.

"ఆ మాట నీకోసరం చెప్పుకుంటాండావు. నాకు కాదు."

నేను తల వంచుకున్నాను. ఆయనే మళ్ళీ అన్నాడు. "బీడీలే తినేసినాయి ఆ కాలును అనుకుంటి. ఆ బయానికే ఇడ్సినా. ఇడ్సినందుకే ఇది నిల్చింది అంటాండాది మీ మేడం. అట్లని నిన్ను మెచ్చుకుంటానని అనుకోవద్దు." గుమ్మం వైపు చూసి, "హంపమ్మకు నేను చెప్తా. నువ్వు చెప్పొద్దు," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం హంపమ్మ ఒక్కతే ఎక్స్‌రే గదికి వచ్చింది. తలుపు దగ్గర నిలబడింది.

"ఆయప్ప చెప్పినాడు," అంది.

నేను చేతిలోని క్యాసెట్‌ను బల్ల మీద పెట్టి లేచాను.

"బీడీలు తాగి కాలు పోగొట్టుకుంటివని తిట్టని దినం లేదప్పా. అన్నం పెడతా తిట్టినా, నీళ్ళు పోస్తా తిట్టినా. బిడ్డ పెండ్లిలో సుట్టాల ముందర గూడ తిట్టినా. ఒక్కనాడు ఎదురు చెప్పలే. తలకాయ వంచుకొని నిజమేలే, నిజమేలే అంటాండె." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. కోపం తగ్గలేదు. "ఇన్నేండ్లు ఎవురివో తిట్లు తెచ్చి ఆయప్పకు పెట్టినా. అవి నీవి గదా?"

"నావేనమ్మా."

"అయితే తీసుకో," అని స్టూలు లాక్కుని కూర్చుంది.

బయట పేషెంట్లున్నారు. కాసేపు ఆగమని వాళ్ళకు చెప్పి, తలుపు వేసి వచ్చి ఆమె ముందు నిలబడ్డాను. ఆమె మొదటి నుంచి మొదలుపెట్టింది.